ఈ కాస్త దూరానికి ఏమవుతుందిలే అంటారు

(హనుమకొండలో రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు నడిపేవాళ్లు, వాళ్ల దగ్గర బండ్లు నడిపే డ్రైవర్లు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవింగ్ శిక్షకుడు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

నమస్తే అందరికీ. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ డ్రైవర్ అన్నలు ముందుకు రండి. ముందు వరుస ఓనర్లకే అని ఎవరూ రాసిపెట్టలేదు. రండి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను పిలిచినవాళ్లు 'మా డ్రైవర్లకు నాలుగు మంచి మాటలు చెప్పండి సార్' అన్నారు. చెప్తాను. అయితే ఆ నాలుగిట్లో రెండు డ్రైవర్లకు, రెండు బండి పెట్టినవాళ్లకు. మీ బండి ఎక్కడన్నా బోల్తా పడిందనుకోండి, తెల్లారి పేపర్లో 'డ్రైవర్ నిర్లక్ష్యమే కారణం' అని వస్తుంది. పోలీసు కేసూ అతని మీదే. నేను ఆర్టీసీలో ఉన్నప్పుడు యాక్సిడెంట్ చేసి వచ్చిన డ్రైవర్లను కూర్చోబెట్టి మాట్లాడేవాణ్ణి. బ్రేకు ఎక్కడ కొట్టావు, ఎదుటి బండి ఎంత దూరంలో కనబడ్డది, అవన్నీ తర్వాత. ముందు అడిగేది నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, పొద్దున ఏమన్నా తిన్నావా, బ్రేకు సరిగా పట్టట్లేదని ఎవరికన్నా చెప్పావా, చెప్తే వాళ్లేమన్నారు అని. ఆ జవాబులు వింటే చాలాసార్లు అర్థమయ్యేది ఒకటే. బండి గేటు దాటకముందే ప్రమాదం సగం తయారై ఉంది. రోడ్డు మీద జరిగింది మిగతా సగం.

రిసార్టు బండి పరిస్థితి ఆర్టీసీ బస్సు లాంటిది కాదు. ఆర్టీసీలో లోపాలు లేవని నేను అనను, వాటి దగ్గరికీ వస్తాను. కానీ అక్కడ డ్రైవర్‌కు ఒక డ్యూటీ చార్టు ఉంటుంది. ఎన్నింటికి బండి ఎక్కాలి, ఎన్నింటికి దిగాలి అనేది కాగితం మీద ఉంటుంది. రాత్రి బస్సు డిపోకు పోతే మెకానిక్ చెయ్యి పడుతుంది. మీ దగ్గర డ్రైవర్‌కు చార్టు ఏది? ఫోనే చార్టు. మేనేజర్ ఫోన్ చేస్తే లేవాలి. కాజీపేట స్టేషన్‌లో చుట్టాలు దిగారంటే పోవాలి. మధ్యలో పూలు తేవాలి, ఐసు తేవాలి, జనరేటర్‌కు డీజిల్ తేవాలి, గెస్టుల సూట్‌కేసులు రూముల్లోకి మొయ్యాలి. 'నడిపేది మొత్తం మీద మూడు నాలుగు గంటలే కదా, మిగతా టైమంతా ఖాళీయే' అని మీ లెక్క. స్టీరింగ్ పట్టుకున్న గంటలు లెక్కపెడతారు, మేలుకొని ఉన్న గంటలు లెక్కలోకి రావు.

మాఘమాసంలో జరిగిన ఒక పెళ్లి సంగతి చెప్తాను. రిసార్టు పేరు అక్కర్లేదు. డ్రైవర్ కుర్రాడు ఒకప్పుడు నా దగ్గర నేర్చుకున్నవాడే, ఇదంతా అతను చెప్పిందే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కరీంనగర్ పోయి మగపెళ్లివాళ్లను తెచ్చాడు. ముహూర్తం లోపల దింపాలి కాబట్టి దారిలో టీ కూడా తాగలేదు. మధ్యాహ్నమంతా స్టేషన్‌కూ రిసార్టుకూ మధ్య తిరిగాడు. సాయంత్రం అప్పగింతలు, రాత్రి బరాత్. బరాత్‌లో బండి ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ముందు డీజే, దాని ముందు డ్యాన్సులు, వెనక ఫస్టు గేరులో క్లచ్ మీద కాలు పెట్టి గంటల కొద్దీ పాకుతూ పోవాలి. పిల్లలు టైరు పక్కనే ఎగురుతుంటారు, ఎక్కడ కింద పడతారోనని ప్రాణం చేతిలో పట్టుకొని కూర్చోవాలి. హైవే మీద నడిపినదాని కంటే ఆ టెన్షన్ ఎక్కువ. అన్నీ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. పడుకోవడానికి రూము లేదు, బండిలోనే వెనక సీటు మీద కాళ్లు ముడుచుకొని పడుకున్నాడు. కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్క. పొద్దున అయిదింటికి ఎవరో అద్దం మీద కొట్టారు. మిగిలిపోయిన చుట్టాలు రామప్ప, లక్నవరం చూస్తారట, ఎండెక్కక ముందే బయల్దేరాలట.

ములుగు దాటాక రెప్ప పడింది. బండి రోడ్డు దిగి పొలంలోకి పోయింది. యాసంగి నాట్లు పడ్డ పొలం, నీళ్లున్నాయి, చక్రాలు బురదలో దిగబడి బండి ఆగింది. దెబ్బలు చిన్నవే. అదే ఆ పక్కన చెట్టుంటే, కల్వర్టు గోడుంటే? దిగినవాళ్లలో ఇద్దరు అతని మీద చెయ్యి చేసుకున్నారు. మేనేజర్ వచ్చి 'నిద్ర వస్తుంటే చెప్పొచ్చు కదరా' అన్నాడట. ఆ కుర్రాడు నాతో అన్న మాట వినండి. 'చెప్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు సార్. పెళ్లిళ్ల సీజన్లో నా కిరాయి పోతుంది.' దీనికి మీ దగ్గర జవాబు ఉందా? నా దగ్గర లేదు. మీరే ఇవ్వాలి. నిద్ర చాలలేదని చెప్పిన డ్రైవర్‌కు ఆ రోజు కూలి కోత పెట్టం అని నోటితో చెప్తే నమ్మరు, కాగితం మీద రాసి గోడకు అంటించండి.

తాగి నడిపితే అందరం తిడతాం. పోలీసులు నోట్లో గొట్టం పెట్టి ఊదమంటారు. మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్ ఉంది, 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మరి నిద్రలేనివాడి సంగతి? దీని మీద పరిశోధనలు జరిగాయి. ఏకబిగిన 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి, రక్తంలో 50 మిల్లీగ్రాములు ఉన్నవాడు తడబడినట్టే తడబడతాడని తేలింది. అంటే మన చట్టం పెట్టిన హద్దు కంటే ఎక్కువే. మనం చెప్పుకున్న కుర్రాడు బరాత్ బండి నడుపుతున్నప్పుడే ఆ 17 గంటలు దాటిపోయాడు. వాసన రాదు, గొట్టంలో దొరకదు. ఇంకో లెక్క వినండి. 80 కిలోమీటర్ల స్పీడులో బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలిందంటే 66 మీటర్లు మీ బండి డ్రైవర్ లేకుండా పోయినట్టు. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా, మళ్లీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, శరీరం తనంతట తనే నిద్రలోకి లాగుతుంది. పెళ్లి భోజనం పెట్టి, పెరుగన్నం వడ్డించి, 'ఇక బయల్దేరు' అంటారు మనవాళ్లు.

పని గంటల లెక్క నేను కల్పించింది కాదు. 1961లో మోటారు ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం చేసినప్పుడే రాశారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. అయిదు గంటలు పనిచేస్తే మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి. ఒక రోజు డ్యూటీ దిగినప్పటి నుంచి మరుసటి డ్యూటీ ఎక్కేదాకా వరుసగా 9 గంటల విరామం. మనం చెప్పుకున్న పెళ్లిలో ఆ తొమ్మిదికి బదులు నాలుగే దొరికాయి, అవీ దోమల మధ్య. డ్రైవర్లకు ఒక గది, నాలుగు మంచాలు, ఫ్యాను, దోమతెర, పక్కన బాత్రూము. ఒక పెళ్లిలో స్టేజీ పూలకు పెట్టే ఖర్చు కూడా కాదు ఇది. గెస్టులకు రూము ఇచ్చేటప్పుడు, వాళ్లను తెచ్చినవాడు ఎక్కడ పడుకుంటాడు అని అడిగే మేనేజర్లు మన జిల్లాల్లో ఎందరున్నారో చేతులెత్తండి. (నవ్వులు) నవ్వడం కాదు, ఎత్తండి.

ఇక రెండో సంగతి. దూరం తక్కువ అనే ధీమా. ఫంక్షన్ హాలు నుంచి రూములకు రెండు కిలోమీటర్లు. పార్కింగ్ నుంచి చెరువు గట్టుకు కిలోమీటరు. 'ఈ కాస్త దూరానికి ఏమవుతుందిలే' అని ఓనర్ అనుకుంటాడు, డ్రైవర్ అనుకుంటాడు, ఎక్కినవాళ్లూ అనుకుంటారు. 17 సీట్ల బండిలో ముప్పై మంది. బానెట్ మీద ఇద్దరు పిల్లలు. డోరు తీసే ఉంటుంది, మెట్ల మీద బావమరుదులు వేలాడుతుంటారు. సీటుకు మించి ఎక్కించుకుంటే మోటారు వాహనాల చట్టం 194ఎ సెక్షన్ ప్రకారం ఒక్కొక్క మనిషికి 200 రూపాయల జరిమానా ఉంది, దానికి ఎవరూ భయపడరు. భయపడాల్సింది జరిమానాకు కాదనుకోండి.

కొండగట్టు మాట ఇక్కడే ఎత్తాలి. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. అది మా ఆర్టీసీ బస్సే, జగిత్యాల డిపోది. ఎక్కినవాళ్లు వ్యవసాయ కూలీలు, ఆసుపత్రికి పోయేవాళ్లు, దేవుని దర్శనం చేసుకొని దిగుతున్నవాళ్లు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, జగిత్యాల దాకా చిన్న ప్రయాణం. వందమందికి పైగా ఎక్కారు. ఘాట్ రోడ్డు దిగుతూ బస్సు అదుపు తప్పి లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు. ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినవాళ్లు వాళ్లలో ఎందరో. ఎవరి తప్పు ఎంత అని నేను ఇక్కడ తీర్పు చెప్పను. నేను చెప్పేది లెక్క. సీట్ల సంఖ్యకు రెట్టింపు మంది ఎక్కినప్పుడు బండి బరువు టన్నుల్లో పెరుగుతుంది, మలుపులో ఆ బరువంతా ఒక పక్కకు వాలుతుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది. దూరం తక్కువని ఇందులో ఏదీ తగ్గదు.

దిగుడు గురించి రెండు ముక్కలు, డ్రైవర్ అన్నలు బాగా వినండి. కొండగట్టు ఒక్కటే కాదు, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఉంది, కుంటాల జలపాతానికి టూరిస్టులను తీసుకుపోయేవాళ్లకు అది తప్పదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. మా రోజుల్లో ట్రైనింగులో మొదటి రోజు చెప్పే మాట ఇది, ఇప్పుడు ఎందుకో వినబడట్లేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించుతారు కొందరు. అది పగ్గం వదిలేసిన ఎడ్లబండి. గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, న్యూట్రల్‌లో బరువంతా బ్రేకు మీదే. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే దిగితే డ్రమ్ములు కాగిపోతాయి, కాగిన బ్రేకు పట్టదు, కాలిన వాసన వస్తుంది. ఎయిర్ బ్రేకు బండిలో అయితే ఇంకో ప్రమాదం. మాటిమాటికీ కొడుతుంటే గాలి ఖర్చవుతూ మీటరు ముల్లు పడిపోతుంది. ఇంజిన్ ఆపేసి దొర్లిస్తే కంప్రెసర్ ఆగుతుంది, కొత్త గాలి రాదు. పైన బయల్దేరేముందే మీటరు చూడు. ముల్లు నిండుగా లేకపోతే పెళ్లికూతురి తండ్రే వచ్చి బతిమాలినా బండి కదిలించకు.

(సభలో ఒకరు: సార్, ఓనరే డీజిల్ లెక్క అడుగుతాడు, లీటరుకు ఇంత రావాలంటాడు.)

అడుగుతాడు. ఆర్టీసీలోనూ అడుగుతారు, కిలోమీటర్ల లెక్క బాగా తెస్తే మెచ్చుకుంటారు. పొదుపు తప్పు కాదు. టైర్లలో గాలి సరిగా ఉంచినా, ఊరికే ఇంజిన్ ఆన్ చేసి పెట్టకపోయినా డీజిల్ మిగులుతుంది. ఘాట్ మీద మిగల్చమని ఏ ఓనరైనా అన్నాడంటే, ఆయన్ను ఒకసారి పక్క సీట్లో కూర్చోబెట్టుకొని న్యూట్రల్‌లో దించి చూపించు. (నవ్వులు) వద్దులే, నిజంగా దించేవు. నోటితో చెప్పు చాలు.

పెద్ద ప్రమాదాలు పేపర్లో వస్తాయి. రిసార్టు బండ్ల దగ్గర నేను ఎక్కువగా విన్నవి పేపర్ దాకా రానివి. బండి ఆగి ఉన్నప్పుడో, నడక స్పీడులోనో జరిగేవి. పట్టుచీర కట్టుకున్న పెద్దామె దిగుతుంటుంది. ఆఖరి మెట్టుకూ నేలకూ మధ్య అడుగున్నర ఎత్తు. ఒక చేతిలో మనవడు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు, పట్టుకోవడానికి చెయ్యి లేదు. డ్రైవర్ అందరూ దిగారనుకొని బ్రేకు వదులుతాడు. బండి జానెడు కదిలితే చాలు, తుంటి ఎముక విరుగుతుంది. అరవై దాటినవాళ్లకు తుంటి విరిగితే మళ్లీ మునుపటిలా నడవడం ఎంత కష్టమో మీ ఇళ్లల్లో చూసే ఉంటారు. అందుకని ఆగిన ప్రతిచోటా న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేకు లాగాలి. ఎడమ అద్దంలో చూడాలి. డోరు మూసుకున్నాకనే గేరు వెయ్యాలి. ఒక మెట్టు పీట చేయించి డోరు దగ్గర పెట్టుకోండి, చెక్కపని చేసేవాడు సాయంత్రానికి చేసిస్తాడు. క్లీనర్ ఉంటే వాడు కిందికి దిగి చెయ్యి అందివ్వాలి. క్లీనర్ లేని బండ్లే ఎక్కువయ్యాయి ఇప్పుడు, జీతం మిగులుతుందని.

క్లీనర్ లేకపోతే రివర్స్ ఎవరు చూస్తారు? పార్కింగ్‌లో చూడండి ఏం జరుగుతుందో. ఎవరో ఒక వాచ్‌మన్ సరిగ్గా బండి వెనకాలే నిలబడి, ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, ఇంకో చేత్తో బాడీ మీద దబదబా కొడుతూ 'రానీ రానీ' అంటుంటాడు. డ్రైవర్‌కు అతను కనబడడు, చప్పుడొక్కటే వినబడుతుంది. ఆ చప్పుడు 'రా' అనో 'ఆపు' అనో తెలియదు, రెండింటికీ కొట్టుడే కదా. పక్కన డీజే ఉంటే అదీ వినబడదు. వెనక చూపించేవాడు డ్రైవర్ వైపు అద్దంలో కనబడేలా పక్కకు నిలబడాలి. అతను అద్దంలో మాయమైన క్షణం డ్రైవర్ బండి ఆపెయ్యాలి. ఎందుకు మాయమయ్యాడో దిగి చూడాలి. రివర్స్ కెమెరా ఉంది కదా అంటారు. దాని మీద దుమ్ము ఎప్పుడు తుడిచారో చెప్పండి ముందు. పెళ్లిళ్లలో చిన్న పిల్లలు దాగుడుమూతలు ఆడేది ఎక్కడనుకున్నారు? ఆగి ఉన్న బండ్ల వెనకాలే. అసలు బండ్లు వచ్చి ఒకవైపు దింపుకొని ఇంకోవైపు నుంచి పోయేలా దారి వేసుకుంటే రివర్స్ అవసరమే రాదు. ఎకరాల కొద్దీ లాన్ వేసినవాళ్లకు బండి చుట్టూ తిరిగే జాగా దొరకదా?

రిసార్టు లోపల తిరిగే బ్యాటరీ బండ్లు కూడా ఇందులోకే వస్తాయి. డోర్లుండవు, బెల్టులుండవు. చప్పుడు రాదు కాబట్టి నడిచేవాళ్లకు వెనక నుంచి వస్తున్నట్టు తెలియదు. వాటిని ఎవరు పడితే వాళ్లు నడుపుతారు, గెస్టుల పిల్లలు కూడా. మలుపు గట్టిగా తిప్పితే వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్లు జారి పడతారు. తాళంచెవి ఒక్క మనిషి దగ్గరే ఉండాలి, అంతే.

మన రోడ్ల సంగతి హైదరాబాద్ నుంచి వచ్చిన డ్రైవర్లకు తెలియదు. వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మీది. కోతల టైములో మన దగ్గర రోడ్డే కల్లం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రి వడ్లు కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల కవరు, లైటు పడినా కనబడదు. వడ్ల మీద బ్రేకు కొడితే బండి జారుతుంది. రైతును తిట్టి లాభం లేదు, అతనికి ఆరబెట్టుకునే జాగా లేకే రోడ్డెక్కాడు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, భూపాలపల్లి వైపు బొగ్గు టిప్పర్లు, కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు, ఏటి ఇసుక లారీలు. ఆ గ్రానైట్ లారీ వెనక దగ్గరగా పోవద్దని నేను ట్రైనింగులో ఎప్పుడూ చెప్పేవాణ్ణి. పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి పోతే కోతులు. మన గెస్టులే కిటికీలోంచి అరటిపండ్లు విసురుతారు, కోతులు రోడ్డు మీదికి అలవాటు పడ్డాయి. మేడారం జాతర వచ్చిందంటే ఆ దారి స్వరూపమే మారిపోతుంది. ఒక్క ఆర్టీసీయే వేల బస్సులు వేస్తుంది. ఆ రోజుల్లో లక్నవరం ప్యాకేజీలు పెట్టుకునే రిసార్టులు ట్రిప్పుకు రెట్టింపు టైము లెక్కవేసుకోవాలి. డ్రైవర్‌ను తొందర పెట్టి ఆ టైమును మిగల్చలేరు.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. ట్రాన్స్‌పోర్ట్ బండి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. తెల్ల ప్లేటు సొంత బండ్లను గెస్టుల కోసం కిరాయికి తిప్పుతున్నారు. ఏమన్నా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ముందుగా పట్టుకునేది ఆ ప్లేటునే. లైసెన్సు సంగతి కూడా అంతే. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని లైట్ మోటార్ లైసెన్సుతో నడపొచ్చని చెప్పింది. మంచిదే, చాలామంది బతుకులు నిలబడ్డాయి. అయితే కోర్టు నడపొచ్చు అన్నది, నడపడం వచ్చేసిందని అనలేదు. కారు నడిపే కుర్రాణ్ణి తెచ్చి 26 సీట్ల బండి ఎక్కించేముందు, ఖాళీ బండితో నాలుగు రోజులు తిప్పించండి. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో డ్రైవర్ల శిక్షణ కేంద్రం ఉంది, అక్కడికి పంపండి.

ఎమర్జెన్సీ డోరు. దీని దగ్గర కొంచెం ఆగుతాను. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కాలిపోయి 45 మంది పోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబర్ 24న, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో అదే హైవే మీద ఇంకో బస్సు. కింద మోటార్‌సైకిల్ ఇరుక్కుంది, నిప్పు రాజుకుంది, 19 మంది ప్రయాణికులు పోయారు. అవి రాత్రి బస్సులు, పెద్ద బస్సులు, మాది చిన్న బండి అనకండి. నేను రిసార్టుల్లో చూసిన బండ్ల వెనక తలుపు దగ్గర ఏమున్నాయో చెప్తాను. నీళ్ల క్యాన్లు, డీజే స్పీకరు, మడత కుర్చీలు. ఒక బండిలో ఆ తలుపుకు అడ్డంగా అదనపు సీటు వేయించారు. ఇంకోదాంట్లో తలుపు ఊగుతోందని లోపల నుంచి ఇనుప తీగతో కట్టేశారు. రంగు వేసినప్పుడు హ్యాండిల్ సందుల్లో పెయింటు పోయి గడ్డకట్టి, ఇద్దరు లాగినా రాని తలుపులు కూడా ఉన్నాయి. అద్దం పగలగొట్టే సుత్తి ఉండాల్సిన చోట ఖాళీ క్లిప్పు ఉంటుంది. సుత్తి ఉన్నా ఎక్కడ కొట్టాలో తెలియదు. పక్క కిటికీ అద్దాన్ని మధ్యలో కొడితే సుత్తి తిరిగొస్తుంది, మూలన కొట్టాలి, అప్పుడు మొత్తం ముక్కలై రాలుతుంది. ముందు అద్దం అలా రాలదు, దాని రెండు పొరల మధ్య అంటించిన షీటు ఉంటుంది, పగుళ్లిచ్చినా ఊడిరాదు. దాని మీద టైం వృథా చెయ్యొద్దు. బండి బయల్దేరేటప్పుడు డ్రైవర్ లేచి నిలబడి 'అమ్మా, అయ్యా, వెనక తలుపు ఇదిగో, సుత్తి అదిగో' అని చెప్పడానికి అరనిమిషం చాలదా? విమానంలో చెప్తే చేతులు కట్టుకొని వింటాం.

ప్రయాణికుల సంగతి. ఇక్కడ వాళ్లు లేరు, కానీ మనమంతా ఎవరో ఒకరి పెళ్లికి పోయినప్పుడు ప్రయాణికులమే. 'ముహూర్తం దాటిపోతోంది, తొక్కు అన్నా' అనే పెదనాన్న ప్రతి బండిలోనూ ఉంటాడు. డ్రైవర్ భుజం మీద చెయ్యేసి ఫోన్లో లొకేషన్ చూపించేవాడు ఉంటాడు. లోపల రంగు లైట్లు వేసి డ్యాన్స్ చేస్తే రాత్రి పూట ముందు అద్దంలో రోడ్డు బదులు ఆ లైట్లే కనబడతాయి. డ్రైవర్ చెప్తే ఎవరూ వినరు, కిరాయికి వచ్చినవాడు మాకు చెప్తాడా అంటారు. అందుకని ఈ మాట బుకింగ్ రోజే మేనేజర్ చెప్పాలి, బిల్లు మీద అచ్చు వేయించాలి. కదిలే బండిలో నిలబడితే బండి ఆగిపోతుంది అని.

ఏదన్నా జరిగితే డ్రైవర్ పారిపోతాడు, ఎందుకంటే కొడతారు. చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. 134వ సెక్షన్‌లో దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడాలని రాస్తూ, జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప అని కూడా రాశారు. నేను చెప్పేది, కొట్టేవాళ్లుంటే పక్కకు తప్పుకో, కానీ ముందు 108కి ఫోన్ చేసి తప్పుకో, పోలీసుకు నువ్వే చెప్పు. లక్నవరం, తాడ్వాయి వైపు నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తేవాలంటే దూరం ఎంతో మీకు తెలుసు, అడవిలో సిగ్నల్ అందని చోట్లున్నాయి. ఎక్కడ సిగ్నల్ దొరుకుతుంది, ములుగులో ఆసుపత్రి ఎక్కడుంది, ఈ రెండూ మీ డ్రైవర్‌కు ముందే తెలియాలి. ఇంకొకటి, 2025 మే నుంచి కేంద్రం తెచ్చిన పథకం ఉంది. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం. ఆసుపత్రిలో డబ్బు కట్టమని ఆపితే ఈ మాట గుర్తు చెయ్యండి. దెబ్బలు తగిలినవాళ్లను తెచ్చిన బాటసారిని కేసుల పేరుతో వేధించకూడదని 134ఎ సెక్షన్ చెప్తుంది, ఆ భయం పెట్టుకోకండి.

టైమయిందని చెయ్యి చూపిస్తున్నారు. సరే, ప్రశ్నలు ఇక్కడ వద్దు. బయట పార్కింగ్‌లో మీవే ఆరేడు బండ్లు ఆగి ఉన్నాయి, వచ్చేటప్పుడు చూశాను. అందరం అక్కడికి పోదాం. ఓనర్లు ఎవరి బండి దగ్గర వాళ్లు నిలబడండి. డ్రైవర్ అన్నలు బయటే ఉండాలి, చెయ్యి వెయ్యొద్దు. వెనక తలుపు లోపల నుంచి తెరిచి దిగాల్సింది ఓనరే, చేతికి గడియారం ఉన్నవాళ్లు టైము చూడండి. ఆ తెల్ల బండి ఎవరిది? దాంట్లో వెనక ఏవో బియ్యం బస్తాలు కనబడ్డాయి, మీరు మొదట రండి సార్.